ఇద్దరు కోటేశ్వరి టీచర్లు

బళ్ళో అయితే ఒక్క చూపు చాలు.
నల్లబల్ల మీద రాస్తా రాస్తా
వెనక్కి తిరక్కుండానే అనేదాన్ని:
"ఒరే, ఆ చింతపిక్కలు జేబులో పెట్టు."
నా వీపుకి కళ్ళున్నాయని నమ్మేవాళ్ళు.

ఇప్పుడు నా ఎదురుగా నలభై ఒక్క గడులు.
ముప్ఫై ఎనిమిది నల్లవి.
ఒకదాంట్లో తిరగని ఫ్యాను,
ఒకదాంట్లో ఎవరిదో చెవి,
ఒకదాంట్లో గేదె.
అది మాత్రం శ్రద్ధగా వింటోంది.

ఎనిమిదో తరగతి. పాఠం: ధ్వని.
ధ్వనులే చెప్పనివ్వవు.
సంతనూతలపాడులో కుక్కరు కూత,
బూదవాడలో రాయి కోసే రంపం,
ఎవరింట్లోనో ఒక పెద్దమ్మ
"ఆ ఫోన్లో ఏందిరా ఆ ఆడమనిషి, పొద్దున్నుంచీ అరస్తా ఉండాది?"
ఆ ఆడమనిషిని నేనే.
"గమ్మునుండండ్రా" అన్నాను.
ఆ మాట ఎవరి స్పీకరులోనో దూరి
తిరిగొచ్చి నాకే తగిలింది.

అందరి నోళ్ళూ ఒక్కసారే మూసే మీట ఉందని
హెడ్మాస్టరు గారు నేర్పారు.
నొక్కాను.
చీమకుర్తి చుట్టూ పదూళ్ళు
ఊపిరి బిగబట్టినట్టయింది.
ఇరవై రెండేళ్ళలో ఏ బెత్తమూ ఇంత పని చెయ్యలేదు.
వేలు మీట మీంచి తీశాక
చీరకి తుడుచుకున్నాను, ఎందుకో.

మంగళవారం మేక అరిచింది మాల్యాద్రి గడిలోంచి.
బుధవారం నేను గీసిన చెవి బొమ్మకి
ఎవరో మీసాలు పెట్టారు.
గురువారం ఇంకో కోటేశ్వరి టీచర్ వచ్చింది.
నా పేరే, నా ఫొటోనే, ఆ గులాబీ చీరే.
"ఇయ్యాల క్లాసు లేదు, పొండి" అని రాసింది.
పదిహేడు మంది పోయారు, మారు మాట లేకుండా.
నా మాట అంత తొందరగా విన్నది
నా ఉద్యోగంలో అదే మొదలు.

శుక్రవారం మళ్ళీ వచ్చింది.
నేను ఎవరినీ అడగలేదు.
మేక ఎవరిదో మీసాలూ వాడివే అనుకుని
మాల్యాద్రిని బయటికి నెట్టేశాను.
రెండో నేను మాత్రం కదల్లేదు.
అక్కడే ఉంది, గులాబీ చీరలో, నవ్వుతా.

"సరే టీచర్ గారూ,
ప్రతిధ్వని మీరే చెప్పండి" అన్నాను.
నా నోరు నేనే మూసుకున్నాను, మీటతో.

కాసేపు ఏమీ లేదు.
ఆ తర్వాత సన్నటి గొంతు:
"అర్థమైందా, కాలేదా, రెండిట్లో ఒకటి చెప్పండి.
ఊరికే తలలూపొద్దు."
అచ్చం నా దీర్ఘాలు. మధ్యలో నా దగ్గు కూడా.
గడులు ఒక్కోటే తెరుచుకున్నాయి.
మొహాలు. పళ్ళు. నూనె రాసిన జుట్లు.
ఖాజావలికి మీసం మొలుస్తోందని
అప్పుడే చూశాను.

ఆ గొంతు మొదటి బెంచీ మస్తానమ్మది.
దాన్ని నేను ఒక్కసారీ తిట్టలేదు.
తిట్టేందుకు ఒక్క మాటా ఎన్నడూ మాట్లాడింది కాదు.

సరిగ్గా పన్నెండున్నరకి
క్వారీలో మందు పేలింది.
ముందు ఒక గడిలో,
ఆ వెంటే బూదవాడ గడుల్లో,
రొంత ఆగి రామతీర్థంలో,
చివరికి మా ఇంటి కిటికీ రెక్కలో.
"విన్నారా?" అంది మస్తానమ్మ, నా గొంతుతో,
"ఇది ప్రతిధ్వని కాదు.
చప్పుడు ఒకటే. మనమే తలా ఒక దూరంలో ఉండాం."
నెట్టు ఆలస్యం కూడా ఉంటుందమ్మా అని
నేనైతే సవరించేదాన్ని.
సవరించలేదు.

తిడదామనే మైకు తెరిచాను.
తిట్టు ఎక్కడ మొదలెట్టాలో వెతుకుతుంటే
పైన మూలన చిన్న అక్షరాలు:
"మాల్యాద్రి వేచి ఉన్నారు."

ఇరవై ఆరు నిమిషాల నుంచి.
గుమ్మం లేని గుమ్మం బయట.
వాడికి ఆ యంత్రం బహువచనం పెట్టింది.
నేనెన్నడూ పెట్టలేదు.

రానిచ్చాను.
గడి నల్లగానే ఉంది.
మైకు తెరుచుకుంది.
మేక అరిచింది.
వెనకాల వాడు దాన్ని అదిలిస్తున్నాడు, లోగొంతుకతో,
"గమ్మునుండవే, క్లాసు జరుగుతా ఉండాది."